తేనెటీగల తరఫున మాట్లాడటం ఎలా?

పర్యావరణం కోసం ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అని అడిగేవారికి నేను ఒకటే చెబుతాను. రేపు తెల్లవారకముందే లేచి ఒక గుమ్మడి పాదు దగ్గరికి వెళ్లి కూర్చోండి. మీ పెరట్లో లేకపోతే పక్కింటివాళ్లది, అదీ లేకపోతే ఊరి చివర కూరగాయల మడిలోది. చేతిలో ఒక నోటు పుస్తకం, పెన్ను ఉంటే చాలు.

వెలుగు వచ్చేసరికి పసుపుపచ్చని పూలు విచ్చుకుని ఉంటాయి. సన్నని పొడుగాటి కాడ మీద నిలబడ్డది మగపువ్వు. పువ్వు అడుగున గోలీకాయంత పిందె కనిపిస్తే అది ఆడపువ్వు. మగపువ్వులోకి దూరిన తేనెటీగ బయటికి వచ్చేటప్పుడు ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు ఉంటుంది. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకెళ్లి ఆడపువ్వులో దులపాలి. ఎండ ముదిరేసరికి పువ్వు ముడుచుకుపోతుంది. ఆ ఒక్క పూట ఈగ రాకపోతే పిందె కొద్ది రోజుల్లో పసుపుపచ్చబడి రాలిపోతుంది. పిందె నిలవడం లేదు, ఏదో తెగులు పట్టిందని మనం మందు కొట్టిస్తాం. ఆ మందుకు మిగిలిన ఈగలు కూడా పోతాయి.

మా అమ్మ పాదుకు రెండేళ్లు వరుసగా ఇదే జరిగింది. మూడో ఏడు ఆవిడ చేసిన పని ఏమిటంటే, మగపువ్వును తుంచి రేకులు వలిచి, దాన్ని ఆడపువ్వులో తనే అద్దడం. కాయలు నిలిచాయి. సంతోషంగానే ఉంది కానీ, ఒక్కో పువ్వు దగ్గరా వంగుతున్న ఆమె నడుమును చూస్తే ఈగ చేసే చాకిరీ ఎంతటిదో నాకు అప్పుడు అర్థమైంది.

ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఆ నోటు పుస్తకంతోనే నడుస్తాయి. అధికారి ముందైనా, గ్రామసభలోనైనా, రైతు దగ్గరైనా, అపార్ట్‌మెంట్ సంఘంలోనైనా 'ప్రకృతిని కాపాడాలి' అంటే అందరూ తల ఊపి ఊరుకుంటారు. 'ఫలానా సర్వే నంబరులో, ఫలానా తేదీన, ఇన్ని చెట్లు, వాటి మీద ఇన్ని తేనెపట్లు' అని చెప్పండి. ఆ మాటను పక్కకు నెట్టడం అంత తేలిక కాదు.

ముందు ఒక చోటు, ఒక ఏడాది

అడవులన్నిటినీ ఒకేసారి భుజాన వేసుకోవద్దు. మీ ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగిన చోటు ఒకటి ఎంచుకోండి: చెరువు కట్ట, శ్మశానం, గుడి వెనుక తోపు, రోడ్డు పక్క చింతల వరుస, ఊరి గుట్ట. అక్కడ ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, దాని మీదికి ఎవరెవరు వస్తున్నారో వారానికి ఒకసారి రాసుకోండి.

ఏడాది తిరిగేసరికి మీకు ఒక పూల పంచాంగం తయారవుతుంది. చలికాలంలో కుంకుడు, చలి తగ్గుతుండగా మామిడి, బూరుగ, మోదుగ, ఎండలు ముదిరాక వేప, కానుగ, ఇప్ప, నేరేడు, తొలకరి వేళకు చింత. వానలు వెనకబడ్డాక తంగేడు. ఇందులో ఖాళీ నెలలు ఏవో చూడండి. మీ ఊళ్లో ఈగలకు ఆకలి కాలం అదే. ఏ మొక్కలు నాటమని పంచాయతీని అడగాలో ఆ ఖాళీయే చెబుతుంది. రోడ్డు మధ్యలో నాటడానికి ఏదో ఒక పచ్చటి మొక్క తెచ్చి పెట్టేవారి ముందు 'అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు పూలు లేవు, కుంకుడు మొక్కలు ఇవ్వండి' అని అడగగలిగితే ఆ సంభాషణే మారిపోతుంది.

వచ్చేవాళ్లలో తేనెటీగ ఒక్కటే ఉండదు. తంగేడు పువ్వు దగ్గర కాసేపు నిలబడండి. నల్లని తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండానే గుయ్యిమని ఒళ్లు అదిలిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి గొట్టాల చివరి రంధ్రాల్లోంచి పొడి చిమ్ముతుంది. వంకాయ పువ్వుదీ, టమాటా పువ్వుదీ ఇదే పద్ధతి. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. పొట్ల పువ్వు చీకటి పడ్డాక జాలీలాంటి అంచులతో విచ్చుకుంటుంది, దాని చుట్టాలు రాత్రి తిరిగే చిమ్మటలు. ఇప్పకూ బూరుగకూ గబ్బిలాలు వస్తాయి. గబ్బిలాలు అశుభమని చెట్టు కొట్టించాలనేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్లకు చూపించడానికైనా ఒక రాత్రి ఇప్పచెట్టు కింద టార్చి లేకుండా కూర్చుని రాసుకోండి.

లెక్క ఎలా పెట్టాలి? ఒకే చోట, ఒకే గంటలో, పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఎన్ని పూలు మీ కంటి ముందున్నాయి, ఎన్నిసార్లు ఏ జీవి వచ్చి వాలింది. ఎండా మబ్బా, గాలి ఉందా లేదా. పేరు తెలియకపోతే 'చిన్నది, నల్లది, పచ్చ చారలు' అని రాసి ఫొటో తీయండి. ఐనాచురలిస్ట్ అనే ఉచిత యాప్‌లో ఆ ఫొటో పెడితే పేరు చెప్పడానికి సాయపడేవారు దొరుకుతారు, తేదీతో, స్థలంతో నమోదు కూడా అవుతుంది. ఆ నమోదు రేపు మీకు సాక్ష్యం.

లెక్కకు ఉన్న బలం చూడాలంటే చేవెళ్ల మర్రిచెట్ల సంగతి చూడండి. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు వెళ్లే రోడ్డును అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, సుమారు 46 కిలోమీటర్లు, వెడల్పు చేయాలని తలపెట్టినప్పుడు నగరవాసులు కొందరు ఆ దారి వెంట నడిచి దాదాపు 900 మర్రిచెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఒక్కోదాని స్థానాన్ని ఫోనులో గుర్తించి పటం తయారుచేశారు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందుకు వాళ్లు వెళ్లింది ఆ పటంతోనే. 'రోడ్డు పక్క కొన్ని చెట్లు' అని కాగితంలో ఉన్నవి ఒక్కసారిగా 900 చెట్లయ్యాయి.

తేనెపట్టు కనిపించినప్పుడు

పెద్ద చెట్టు కొమ్మకో, నీళ్ల ట్యాంకు అడుగునో, అపార్ట్‌మెంట్ బాల్కనీ పైకప్పుకో ఉన్నట్టుండి నల్లని గోనెపట్టా వేలాడినట్టు కనిపిస్తే అది పెద్ద తేనెటీగ. కొండ తేనె ఇచ్చేది ఇదే. పెట్టెలో పెంచడానికి లొంగదు. ఒకే ఒక్క పట్టు, ఆరుబయట. మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. దూరం నుంచి చూస్తూ ఉంటే అప్పుడప్పుడు పట్టు మీద ఒక అల లేచి అంచుదాకా పాకి ఆగిపోతుంది. కందిరీగ దగ్గరికి వచ్చినప్పుడు ఈగలన్నీ ఒకదాని వెంట ఒకటి పొట్ట పైకెత్తి దాన్ని బెదిరించడం అది.

ఈ ఈగలు వలస వస్తాయి. చుట్టుపక్కల పూలు ఉన్నన్నాళ్లు ఉంటాయి, పూలు అయిపోగానే వాటంతట అవే వెళ్లిపోతాయి. ఖాళీ మైనపు పట్టు మాత్రం మిగులుతుంది. మరుసటి ఏడాది తరచుగా అదే చోటుకు వచ్చి కడతాయి. పట్టు లేకుండా ఈగల గుంపు మాత్రమే ముద్దగా కొమ్మకు వేలాడుతుంటే అది దారిలో విశ్రాంతి తీసుకుంటున్న గుంపు. ఆ గుంపు కొద్ది గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో లేచిపోతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలియక భయపడతారు, భయంతో కాల్పిస్తారు.

కొన్నేళ్ల కిందట మేమున్న భవనంలో నాలుగో అంతస్తు బాల్కనీకి పట్టిన పట్టును సంఘం వాళ్లు ఒక మనిషిని పిలిచి రాత్రి ఎనిమిదింటికి కాగడాతో కాల్పించారు. పొద్దున మెట్ల మీద రెక్కలు కాలిన ఈగలు పాకుతూ కనిపించాయి. ఒక్క మెట్టు మీద లెక్కపెడితే 70 ఉన్నాయి. తప్పించుకున్నవి రెండు రోజులు ఆ గోడ చుట్టూ తిరిగాయి, పాలు పోసే అబ్బాయిని కుట్టాయి. అంతకుముందు నెల రోజులుగా అవి ఎవరినీ ముట్టుకోలేదు. పట్టును కాల్పించాలని నిర్ణయించిన సంఘం సమావేశానికి నేను వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఏం చెప్పేదాన్నో ఆ తర్వాత కాగితం మీద రాసుకున్నాను. ఇప్పటికి ఎన్నోచోట్ల అదే చెప్పాను, చాలాచోట్ల పని చేసింది.

మొదట, గడువు అడగండి. 'కాల్చవద్దు' అంటే వాదన మొదలవుతుంది. 'ఇవి వలస ఈగలు, పూలకాలం అయ్యేదాకా ఆగుదాం, అప్పటిదాకా జాగ్రత్తలు నేను చూసుకుంటాను' అంటే భయపడేవారికి కూడా ఊరట. రెండోది, దీపాలు. ఈ ఈగలు రాత్రి వెలుతురుకు వచ్చి గదుల్లో పడతాయి. భయంలో సగం దీని వల్లే పుడుతుంది. పట్టు వైపున్న బాల్కనీ దీపాలు ఆర్పమనండి, చీకటి పడగానే కిటికీలు మూసి తెరలు వేయమనండి. రాత్రి పడ్డ ఈగలను పొద్దున చీపురుతో మెల్లగా చేటలోకి ఎత్తి బయట వదలాలి, చెప్పుల్లేకుండా నడవకూడదు. మూడోది, ఆ గోడ దగ్గర డ్రిల్లింగు, పెయింటింగు, చెత్త తగలబెట్టడం, బాణసంచా ఆపించండి. ఒక కాగితం మీద ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి లిఫ్టు దగ్గర అంటించండి, కింద మీ పేరు, ఫ్లాటు నంబరు వేయండి. పేరున్న కాగితాన్ని మనుషులు చదువుతారు.

బడి గుమ్మం మీదో, ఆసుపత్రి కిటికీకో కడితే తీయించక తప్పదు. అప్పుడు పురుగుమందు కొట్టేవారిని పిలవకండి. తేనె తీసే అనుభవం ఉన్నవారిని పిలిచి, ఈగలు చావకుండా మామూలు పొగతో లేపి పట్టు తీయమని ముందే మాట్లాడుకోండి. ఆ పూట బడికి సెలవు ఇప్పించండి.

ఎప్పుడైనా ఈగలు లేచి వెంటపడితే తల, ముఖం గుడ్డతో కప్పుకుని పరుగెత్తి గదిలోకో, కారులోకో వెళ్లి తలుపు వేసుకోవాలి. చేతులు విసరకూడదు, నీళ్లలో దూకకూడదు. కుట్టిన ఈగ వదిలే వాసన మిగతావాటిని అక్కడికే పిలుస్తుంది, కాబట్టి ఆ చోట నిలబడకండి. ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయండి. చాలాచోట్ల కుట్టినా, ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. ఈ జాగ్రత్తలు చెప్పకుండా ఈగల గొప్పతనం చెప్పే మనిషిని ఎవరూ నమ్మరు.

రైతు దగ్గర

పురుగుమందుల గురించి మాట్లాడేటప్పుడు రైతును దోషిగా నిలబెట్టకండి. అప్పు తెచ్చి పంట పెట్టినవాడు పురుగు కనిపిస్తే మందు కొడతాడు. ఆయన నష్టం ఎక్కడుందో ఆయనకు చూపించడమే మీ పని. పొలానికి వెళ్లండి, పిందె రాలుడు గురించి అడగండి, పొద్దునపూట ఆయనతో కలిసి పది నిమిషాలు పూలు చూడండి. దోస, పుచ్చ, పొద్దుతిరుగుడు, నువ్వు, మామిడి వేసేవారికి ఈ మాట వెంటనే ఎక్కుతుంది.

మందు డబ్బా మీది రంగు త్రికోణం గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనే ఆ గుర్తులు ఎలుకల్లాంటి జంతువుల మీద పరీక్షించి మనుషులకు ఎంత ప్రమాదమో చెప్పేవి. తేనెటీగకు అది ఎంత ప్రమాదమో అవి చెప్పవు. ఎరుపు కాదు కదా అని పూత మీద కొట్టిన మందు ఈగలను తుడిచిపెట్టవచ్చు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ అనే మందులు మొక్క లోపలికి ఇంకి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి. ఈగలకు హాని అని ఐరోపా సమాఖ్య 2018లో ఈ మూడింటినీ ఆరుబయట పంటల మీద వాడకుండా నిషేధించింది. మన దగ్గర ఇవి ఊరి దుకాణంలో దొరుకుతాయి.

అడగాల్సినవి మూడే. పూత మీద ఉండగా కొట్టవద్దు. తప్పనిసరైతే పొద్దు గూకాక, ఈగలు పట్టుకు చేరాక కొట్టాలి. కొట్టే ముందు రోజు ఊరి వాట్సాప్ గ్రూపులోనో, దండోరాతోనో చెబితే తేనె పెట్టెలు ఉన్నవారు వాటిని మూసుకుంటారు, నీళ్ల తొట్లు కప్పుకుంటారు. మందు లేకుండా సాగు కుదురుతుందా అని అడిగితే పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం పేరు చెప్పండి. పత్తి మందుల అప్పుల్లో కూరుకున్న ఆ ఊరు 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే, ముందు కొద్దిమంది రైతులతో మొదలై, ఊరంతా రసాయన పురుగుమందులు మానేసింది. వేప కషాయం, వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, పురుగులను తమ వైపు లాక్కునే ఎర పంటలు వాళ్ల ఆయుధాలు. అక్కడ రైతులను ఒప్పించడంలో ఆడవాళ్ల సంఘాలు ముందున్నాయి. మీ ఊళ్లో కూడా మొదటి మాట పొదుపు సంఘంలోనే పెట్టండి.

చెట్టు మీద గొడ్డలి పడితే

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం, మినహాయించిన కొన్ని రకాలు తప్ప, చెట్టు కొట్టాలంటే ముందస్తు అనుమతి ఉండాలి. సొంత స్థలంలో చెట్టుకైనా అంతే. కాబట్టి గొడ్డలి చప్పుడు వినగానే అరవడానికి ముందు అడగండి: 'అనుమతి కాగితం చూపిస్తారా?' లేకపోతే ఫొటోలు, వీడియో తీసి తహసీల్దారుకు, అటవీ రేంజ్ అధికారికి ఫోను చేయండి, అదే రోజు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోను మాత్రమే చేస్తే మరునాటికి అక్కడ మొద్దు కూడా ఉండదు, మీ ఫిర్యాదూ ఉండదు. సెలవు రోజుల్లో, రాత్రిపూట కొట్టడం మామూలు. అందుకని ఆ ఫోను నంబర్లు ముందే రాసి పెట్టుకోండి.

గ్రామసభలో తీర్మానం, కార్యాలయంలో అర్జీ

గ్రామసభ ఏ తేదీన జరుగుతుందో పంచాయతీ కార్యాలయంలో ముందే తెలుసుకోండి. వారం ముందే సర్పంచిని కలిసి మీ అంశం అజెండాలో పెట్టమని రాసివ్వండి. తీర్మానం మాటలు మీరే తయారుచేసి తీసుకెళ్లండి, ఎందుకంటే అక్కడికక్కడ రాస్తే 'పచ్చదనం పెంచాలని నిర్ణయించడమైనది' అని ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఇలా ఉండాలి: 'చెరువు కట్ట మీది 43 చెట్లను పంచాయతీ ఆస్తి రిజిస్టరులో నమోదు చేయాలని, వాటి మీద తేనెపట్లను కాల్చరాదని, పంచాయతీ స్థలాల్లో గడ్డి మందు కొట్టరాదని తీర్మానించడమైనది.' మినిట్స్ పుస్తకంలో ఎక్కేదాకా అక్కడినుంచి కదలవద్దు, నకలు అడిగి తీసుకోండి.

అదే సభలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ గురించి అడగండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఈ కమిటీ ఉండాలి, ఊళ్లోని మొక్కలు, జంతువులు, వాటి గురించిన పరిజ్ఞానం అంతా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కాలి. చాలా ఊళ్లలో కమిటీ కాగితం మీదే ఉంటుంది. మీ నోటు పుస్తకం చేరాల్సిన చోటు ఆ రిజిస్టరే. మీరు ఏడాది పాటు రాసినది అందులోకి ఎక్కిందంటే, రేపు ఎవరైనా 'ఇది బంజరు, ఇక్కడ ఏమీ లేదు' అన్నప్పుడు ప్రభుత్వ దస్త్రమే వారికి జవాబు చెబుతుంది.

అటవీ ప్రాంతాల్లో గ్రామసభకు ఇంకా బలం ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 5వ సెక్షను, హక్కుదారులకూ గ్రామసభకూ అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం ఇస్తుంది. మన పొరుగున ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం సంగతి తేల్చింది 2013లో, సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలు. పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలిచింది.

సమాచార హక్కు అర్జీ గురించి క్లుప్తంగా. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషనుకు. 'ఎందుకు చేశారు?' అని అడగవద్దు, జవాబు రాదు. ఉన్న కాగితం అడగండి: 'మా మండలంలో గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో వాల్టా కింద చెట్లు కొట్టడానికి ఇచ్చిన అనుమతి పత్రాల నకళ్లు, వాటికి బదులు నాటిన మొక్కల వివరాలున్న రిజిస్టరు నకలు ఇవ్వగలరు.' ఒక అర్జీలో ఒక్క విషయమే.

అడవి అంచున ఉంటే

ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవులకు నిప్పు భయం. అడవిలో పుట్టే మంటల్లో ఎక్కువ భాగం మనిషి చేతి నుంచి వచ్చినవే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు, తునికాకు చిగురు బాగా రావాలని పెడతారు, బీడీ ముక్క పారేస్తారు. నేల మీద పాకే ఆ మంట చూడటానికి చిన్నదే. కానీ నేలలో గూడు కట్టుకునే ఒంటరి ఈగలు, గుడ్లు పెట్టిన పిట్టలు, మొలిచిన ప్రతి చిన్న మొక్కా దానికి ఆహుతి. ఇప్పపువ్వు ఏరేవారికి పాత చీరలో, వలలో ఇచ్చి చెట్టు కింద పరవమనండి, పువ్వుకు మట్టి కూడా అంటదు, ధర కూడా వస్తుంది. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారాన్ని ఫోనుకు సందేశంగా పంపుతుంది. ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు.

అడవిపందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టేవారితో నిర్మొహమాటంగా మాట్లాడండి. అది నేరం. ఆ తీగకు ఎలుగుబంటి, చిరుత ఎలా బలవుతాయో, తెల్లవారి నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతూ అలాగే బలవుతాడు. ఎన్నో కుటుంబాలు ఇలా కూలిపోయాయి. పంట నష్టపరిహారం కోసం అటవీ శాఖకు దరఖాస్తు రాసిపెట్టే పని మీరు చేసిపెట్టండి. ఆ సాయం చేసినవారి మాటకే అక్కడ విలువ ఉంటుంది.

తేనె కొనేటప్పుడు అడగండి, ఎలా తీశారని. పెద్ద తేనెటీగ పట్టులో తేనె అంతా కొమ్మను ఆనుకుని పైమూలన ఉంటుంది, కింద వేలాడేదంతా పిల్లలు. తేనె ముక్క మాత్రమే కోసి పిల్లల పట్టును వదిలేస్తే ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ ఈ పద్ధతిని గిరిజన తేనె సేకరణదారులకు నేర్పుతోంది. పట్టంతా పిండిన తేనెకు గిరాకీ లేకపోతేనే ఈ పద్ధతి నిలుస్తుంది, అది కొనేవారి చేతిలో ఉంది.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు

గని, క్వారీ, సిమెంటు కర్మాగారం లాంటివి వచ్చేముందు చాలా ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, జిల్లా కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ఆ చిన్న ప్రకటనను గమనించడానికి ఒకరిని నియమించుకోండి, రిటైరైన మాస్టారు ఎవరైనా రోజూ పేపరు మొత్తం చదివేవారుంటే ఆయనే తగినవారు.

ప్రకటన రాగానే కలెక్టరేటుకు, జిల్లా పరిషత్తుకు వెళ్లి ముసాయిదా నివేదిక చూడమని అడగండి. స్థానిక భాషలో సంగ్రహం ఉండాలి, తెలుగు సంగ్రహం లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం. నివేదికలో జీవజాలం గురించిన అధ్యాయం తెరవండి. అందులో మొక్కల, జంతువుల జాబితా ఉంటుంది. దాన్ని మీ నోటు పుస్తకం పక్కన పెట్టి చదవండి. నేను చూసిన ఒక నివేదికలో సర్వే అంతా ఒక్క వేసవి కాలంలో చేశారు, తేనెటీగల ఊసే లేదు, ఆ గుట్ట చెట్ల మీద మాత్రం మాకు తెలిసి 11 పట్లున్నాయి. ఆ ఒక్క తేడాను ఫొటోలతో, తేదీలతో చెప్పినప్పుడు వేదిక మీదివారు తల ఎత్తి చూశారు.

సభలో మాట్లాడటానికి మూడు నిమిషాలకు మించి దొరకదు. పదిమంది ఒకే మాట చెప్పకుండా పంచుకోండి. ఒకరు నీళ్ల గురించి, ఒకరు మేత గురించి, ఒకరు ఈగల మీద ఆధారపడ్డ పుచ్చ పంట గురించి, ఒకరు దుమ్ము గురించి. ఆడవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ప్రతి ఒక్కరూ మాట్లాడినదే రాసి సంతకంతో ఇచ్చి రసీదు తీసుకోవాలి. సభ మొత్తం వీడియో తీయాలి, చివర కార్యక్రమ వివరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి, ఇవి నియమాలు. చదవకుండా ముగిస్తుంటే లేచి అడగండి. ఎంత కోపం వచ్చినా కుర్చీ విసరకండి, సభ ఆగిపోతే ఆ రోజు మీరు తెచ్చిన ఆధారాలు దస్త్రంలోకి ఎక్కవు.

ఇన్ని మెట్లు ఎక్కలేమని దిగులు పడేవారు నల్లమల సంగతి గుర్తుచేసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు 2019లో కదలిక వచ్చినప్పుడు చెంచు పెంటల (గూడేల) నుంచి, అమ్రాబాద్, పదర గ్రామాల నుంచి మొదలైన ప్రతిఘటన కళాశాలలకు, నగరాలకు పాకింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

పర్యావరణ అనుమతి వచ్చేసినా చేయాల్సిన పని ఉంటుంది. అనుమతి మీద జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా అనుమతించవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై ధర్మాసనం. అప్పీలు చేయకపోయినా, అనుమతి పత్రంలో షరతుల జాబితా ఉంటుంది: ఇంత పచ్చని వలయం పెంచాలి, ఇన్ని మొక్కలు నాటాలి, వాగుకు ఇంత దూరం వదలాలి. ఆ షరతులు ఎంతవరకు పాటించారో ప్రాజెక్టువారు ఏడాదికి రెండుసార్లు, జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది ప్రజలు చూడదగిన పత్రం. ఆ రెండు తేదీలూ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. నివేదికలో నాటామని రాసిన మొక్కలను, మీ నోటు పుస్తకం పట్టుకుని వెళ్లి, వరుసకు ఎన్ని బతికి ఉన్నాయో, ఏది పూసిందో, ఏ ఈగ వాలిందో లెక్కపెట్టి రండి.